మిరియం ఇంటిపేరుతో మిరపకాయ

కాజీపేట రైల్వే స్టేషన్‌కు కొద్ది దూరంలో, సాయంత్రం పూట కూరగాయలు అమ్మే ఒక తోపుడు బండి దగ్గర జరిగిన సంగతి ఇది. టైల్స్ పని కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ఆలుగడ్డలు, వంకాయలు ఏరుకున్నాక "లొంకా" కావాలన్నాడు. బండి యజమానురాలికి అర్థం కాలేదు. "ఏం కావాలి బిడ్డా?" అని మళ్ళీ అడిగింది. అతను అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాడు. చివరికి పచ్చిమిరపకాయల కుప్ప వైపు వేలు చూపించాడు. "మిర్చీయా బిడ్డా! ఆ మాట చెబితే ముందే ఇచ్చేదాన్ని కదా" అని నవ్వుతూ గుప్పెడు తీసి సంచిలో వేసింది.

ఆ మాట నా మనసులోంచి పోలేదు. లంక అంటే మనకు గోదావరి మధ్య తేలిన దిబ్బ. లేదా లంక పొగాకు. లేదా రావణుడి ఊరు. మిరపకాయకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసుకుందామని వెతకడం మొదలుపెట్టాను. ఒక కాయ పేరు వెంట బయలుదేరితే మెక్సికో నుంచి జపాన్ దాకా తిరిగి, మళ్ళీ మన వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లోనే వచ్చి నిలబడ్డాను.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌కు ఒక్కసారి వెళ్ళినవారు ఆ దృశ్యాన్ని మరచిపోలేరు. కనుచూపు మేర బస్తాలు, విప్పిన బస్తాల నోళ్ళలో ఎర్రటి కాయ, గాలి పీల్చగానే ముక్కుపుటాలను పట్టుకునే ఘాటు. ములుగు వైపు నుంచి, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి రైతులు రాత్రే వచ్చి బస్తాల మీదే పడుకుంటారు. పొద్దున వేలం, మార్కెట్ మాటలో జెండా పాట, మొదలవుతుంది. హమాలీలు, ఆడ్తిదారులు, ఖరీదుదారులు అందరి నోటా ఒకటే మాట, మిర్చి. ఇంత ఎరుపును ఒకచోట చూసినప్పుడు ఈ కాయ ఈ నేలతో పాటే పుట్టిందని అనిపిస్తుంది. మన తిండి, తిట్టు, దిష్టి, సామెత అన్నింట్లోనూ అది ఉంది. పిల్లవాడికి జ్వరం వస్తే ఎండుమిరపకాయలు, ఉప్పు తలచుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తాం. పౌరుషం ఉందా అని అడగాలంటే ఉప్పూ కారం తినడం లేదా అంటాం.

కానీ ఓరుగల్లు కోటను ఏలిన కాకతీయులు మిరపకాయను కంటితో చూడలేదు. రుద్రమదేవి భోజనంలో అది లేదు. 1323లో ప్రతాపరుద్రుడి పాలన ముగిసేనాటికి ఈ దేశంలో ఒక్క మిరప మొక్క కూడా లేదు. ఆ కాలపు ఓరుగల్లు వీధులను వర్ణించే క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇంటి భోజనం గురించి ప్రసిద్ధమైన పద్యం ఒకటి ఉంది. ఒక్క రూకకు అక్కడ ఏమేమి వడ్డిస్తారో అందులో వరుసగా చెబుతాడు కవి. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. ఆ నంజుళ్ళలో కారం ఉండే ఉంటుంది. అది మిరపకాయ కారం అయ్యే వీలు మాత్రం లేదు.

మరి అప్పుడు కారం ఎక్కడిది? మిరియాలది, పిప్పళ్ళది, శొంఠిది. ఆయుర్వేదం ఈ మూడింటినీ కలిపి త్రికటు అంటుంది. కటు అంటే కారపు రుచి. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనంలో ఏ సరుకుకు ఎంత సుంకమో రాసి ఉంది. చందనం, కర్పూరం, ముత్యాలు, పగడాలు, పట్టు, పోకలతో పాటు ఆ జాబితాలో మిరియాలూ ఉన్నాయి. సుంకం వేయదగినంత విలువైన సరుకు అది.

ఆ పాత వంటింటి జాడ మన భాషలో ఇప్పటికీ చెరిగిపోలేదు. కోపంతో ఊగిపోయేవాణ్ణి "కారాలు మిరియాలు నూరుతున్నాడు" అంటాం. మిరపకాయలు నూరుతున్నాడని ఎవరూ అనరు. రోజూ రోట్లో పడేది మిరపకాయే అయినా నానుడిలో మిరియమే నిలిచింది. చాలా ఇళ్ళలో తద్దినం వంటకు మిరపకాయ తగలనివ్వరు, కారం కావాలంటే మిరియాలే వేస్తారు. ఎందుకని అడిగితే ఆచారం అంటారు. పెద్దలకు పెట్టే భోజనం పెద్దలు ఎరిగిన భోజనంలా ఉండాలన్న పట్టింపు అందులో ఉందని నా నమ్మకం.

మిరప మొక్క పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతపు జనం దాన్ని 6,000 ఏళ్ళకు పైబడిన కాలం నుంచి సాగు చేస్తున్నారు. అక్కడి అజ్టెక్‌ల భాష పేరు నవాత్ల్. ఆ భాషలో ఈ కాయ పేరు చిల్లి. ఇంగ్లీషు చిల్లీ అక్కడిదే. దక్షిణ అమెరికాలోని చిలీ దేశం పేరుకూ దీనికీ సంబంధం లేదు, ధ్వని మాత్రమే కలిసింది. కరీబియన్ దీవుల్లోని తైనో జనం దీన్నే అహీ అనేవారు.

కొలంబస్ ఆ దీవులకు చేరింది మిరియాల కోసమే. భారతదేశానికి పడమటి దారి వెతుక్కుంటూ వెళ్ళి, ఇక్కడికే వచ్చానని అనుకున్నాడు. ఆ మనుషులను ఇండియన్లన్నాడు. వాళ్ళు తినే కారపు కాయ చూసి 1493 జనవరి 15న తన దినచర్యలో, ఇక్కడ అహీ విస్తారంగా ఉంది, అది వీళ్ళ మిరియం, మన మిరియం కన్నా మేలైనది అన్న భావంతో రాసుకున్నాడు. మిరపకాయకు మిరియం పేరు అంటుకున్నది ఆ పొరపాటులోనే.

స్పానిష్ వాళ్ళు ఆ పేరును ఎంత తక్కువ శ్రమతో తయారు చేసుకున్నారో చూడండి. వాళ్ళ భాషలో మిరియం పిమియెంతా. అది స్త్రీలింగం. దాన్ని పుంలింగం చేసి పిమియెంతో అన్నారు, మిరపకాయ అయింది. ఒక్క అచ్చు మార్పుతో పాత సరుకు నుంచి కొత్త సరుకు పుట్టింది. ఈ రెండు మాటలూ లాటిన్‌లోని పిగ్మెంతుమ్ నుంచి వచ్చాయి. దాని అసలు అర్థం రంగు. రంగులు, మందులు, సుగంధ ద్రవ్యాలు ఒకే దుకాణంలో దొరికే కాలంలో ఆ మాట విస్తరించి మిరియం దాకా వచ్చింది. ఈ రంగు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం పడుతుంది.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చింది. వాళ్ళ ఓడల్లోనే మిరప మన తీరానికి దిగి, మెల్లగా దక్కన్ లోపలికి పాకింది. అది వచ్చిన ప్రతి ఊళ్ళోనూ జనానికి ఒకే ప్రశ్న ఎదురైంది. నోరు మండించే ఈ కొత్త కాయను ఏమని పిలవాలి? దాదాపు అందరూ ఒకే జవాబు చెప్పారు. నోరు మండించే పాత వస్తువు పేరే దీనికీ ఇచ్చారు. మనకది కొత్తేమీ కాదు. సముద్రాలు దాటి వచ్చిన మరో పంటకు మన దగ్గరున్న జొన్న పేరు తగిలించి మక్కజొన్న అన్నాం.

ఆ పాత పేరును ఎలా వాడారన్న దగ్గర భాషల దారులు వేరయ్యాయి. తమిళంలో మిరియం మిళగు. దానికి కాయ్ చేర్చి మిళగాయ్ అన్నారు. తెలుగులోనూ అదే పద్ధతి. మిరియపు కాయ నలిగి మిరపకాయ అయిందన్న వివరణే నాకు సబబుగా తోస్తుంది. మరాఠీలో మిరియం మిరే, మిరపకాయ మిరచీ. ఈ భాషల్లో మిరియం తన పేరు తాను నిలుపుకుంది. కొత్తగా వచ్చింది ఇంటిపేరు మాత్రమే తీసుకుంది.

హిందీలో కథ మరోలా నడిచింది. అక్కడ మిర్చ్ అన్న ఒక్క మాటే ఇద్దరికీ సరిపెట్టాల్సి వచ్చి ఎర్రది లాల్ మిర్చ్, పచ్చిది హరీ మిర్చ్, మిరియం కాలీ మిర్చ్ అయ్యాయి. ఉత్త మిర్చ్ అంటే ఇప్పుడు మిరపకాయే. మలయాళంలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ముళక్ అంటే నేడు మిరపకాయ. ఆ నేల మీదే పుట్టి, ఆ నేలకు ప్రపంచమంతా పేరు తెచ్చిన మిరియాన్ని కురుముళక్ అనాలి, అంటే గింజ ముళక్. కన్నడంలో మెణసిన కాయి, కాళు మెణసు అని ఇద్దరికీ చెరొక విశేషణం తగిలించి తగవు తీర్చారు. థాయ్ భాషలో ఫ్రిక్ అంటే మిరపకాయ. అంతకు ముందు ఆ మాట మిరియానిది. ఇప్పుడు మిరియాన్ని ఫ్రిక్ థాయ్, అంటే మన థాయ్ ఫ్రిక్ అనవలసి వస్తోంది. ఇండోనేషియాలో చబై అనేది అక్కడి పిప్పలి జాతి మొక్క పేరు. మిరపకాయ వచ్చి ఆ పేరు పుచ్చుకున్నాక, పాతదాన్ని జావా చబై అంటున్నారు. అతిథి వచ్చి కూర్చుంటే ఇంటి యజమాని తానెవరో చెప్పుకోవలసిన స్థితి ఇది. తెలుగులో మిరియానికి ఆ గతి పట్టలేదు. భాషాభిమానిగా నాకు దీని మీద కొంచెం గర్వం ఉంది, దాచుకోను.

ఇక లంక. పాత పేరు ఇవ్వడం ఒక పద్ధతి అయితే, ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారో ఆ ఊరి పేరు పెట్టడం మరొకటి. బెంగాలీలో, ఒడియాలో పూర్తి మాట లంకామరిచ. లంక వైపు నుంచి వచ్చిన మిరియం అని అర్థం. ఓడల మీద దక్షిణం నుంచి వచ్చే సరుకంతా వాళ్ళకు లంక సరుకే. వాడుకలో మరిచ జారిపోయి లంక మిగిలింది. కాజీపేటలో ఆ కుర్రవాడు అడిగింది అదే.

ఈ ఊరి పేర్లన్నీ వరుసగా పెట్టి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. జపాన్ వాళ్ళు తోగరాషి అన్నారు, అంటే తాంగ్ దేశపు కారం, చైనా నుంచి వచ్చిందని. చైనా వాళ్ళు పరదేశపు మిరియం అన్నారు. 1614 నాటి ఒక కొరియా గ్రంథం దీన్ని జపాను ఆవాలు అంటుంది. హంగరీ వాళ్ళు మొదట్లో టర్కీ మిరియం అన్నారు, వాళ్ళకు అది తురుష్కుల ద్వారా చేరింది. జర్మన్ వృక్ష శాస్త్రవేత్త లియోన్‌హార్ట్ ఫుక్స్ 1542లో అచ్చయిన తన గ్రంథంలో దీని బొమ్మ వేయించి కాలికట్ మిరియం అని పేరు రాశాడు. అంటే కాయ అమెరికా నుంచి బయలుదేరి యాభై ఏళ్ళు కాకముందే అది భారతదేశపు కాయ అన్న అభిప్రాయం యూరప్‌లో స్థిరపడిపోయింది. శాస్త్రవేత్తలు సైతం తడబడ్డారు. అమెరికాలోనే పుట్టిన ఒక మిరప జాతికి 1776లో జాక్విన్ అనే పండితుడు చైనా పేరు తగిలించి క్యాప్సికం చైనెన్స్ అన్నాడు. ఆ తప్పు పేరే నేటికీ శాస్త్ర గ్రంథాల్లో ఉంది. ప్రతి ఒక్కరూ తమకు అందించిన పక్కింటివైపు వేలు చూపించారు. ఏ ఒక్క వేలూ మెక్సికో వైపు తిరగలేదు. అయితే ఈ తప్పుడు ఆనవాళ్ళను కలుపుకుంటూ పోతే మిరపకాయ ఓడ ఏ రేవు తర్వాత ఏ రేవుకు వెళ్ళిందో తెలుస్తుంది. కొరియాకు జపాను చేతుల మీదుగా, తూర్పు యూరప్‌కు టర్కీ చేతుల మీదుగా. చరిత్రకారులు ఓడల లెక్కల పుస్తకాల్లో వెతికే సమాచారం ఇక్కడ కూరగాయల బండి మీద దొరుకుతోంది.

మిరపకాయ తీసుకున్న ఆ ఇంటిపేరు అసలు ఎవరిది? ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం వస్తుంది. మనకు మిరియం ప్రధానం, పిప్పలి మందుల డబ్బాలోది. రెండువేల ఏళ్ళ కిందట లెక్క తిరగబడి ఉండేది. పిప్పలి సన్నగా, పొడవుగా, చిన్న కంకిలా ఉంటుంది, మిరియానికి అన్న వరస. మొదటి శతాబ్దపు రోమన్ పండితుడు ప్లినీ ధరలు రాసిపెట్టాడు. పౌండు పిప్పలి 15 దీనారాలు, తెల్ల మిరియం 7, నల్ల మిరియం 4. దీనారం అన్న మన మాట కూడా ఆ రోమన్ నాణెం పేరే. సరుకు అటు పోయింది, నాణెమూ దాని పేరూ ఇటు వచ్చాయి.

పిప్పలి అన్న మాట ఇరాన్ మీదుగా పడమరకు వెళ్తూ లకారాన్ని రేఫగా మార్చుకుని గ్రీకులో పెపెరి అయింది, లాటిన్‌లో పిపెర్ అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషు పెప్పర్, జర్మన్ ఫెఫర్, ఫ్రెంచ్ పువావ్ర్. దారిలో చిన్న తికమక జరిగింది. పేరు పిప్పలిది, కానీ కాలక్రమంలో అది మిరియానికి స్థిరపడింది. ఆ మిరియం పేరునే తర్వాత మిరపకాయకు తగిలించారు. పెప్పర్ అన్న మాట మూడు వేర్వేరు మొక్కల చేతులు మారింది. అరబ్బీలో పకారం లేదు కాబట్టి పిప్పలి ఫిల్ఫిల్ అయింది. ఆ వర్తకుల వెంట తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి స్వాహిలీలో పిలిపిలి అయింది, అక్కడ మిరపకాయను అలాగే పిలుస్తారు. పోర్చుగీసు హోటళ్ళలో కోడిమాంసం మీద పూసే పిరిపిరి అదే మాట. లాటిన్ పిపెర్ బాల్కన్ ప్రాంతపు సెర్బియన్ భాషలో పపర్ అయి, దానికి ముద్దు పేరుగా పాప్రికా పుట్టింది. హంగరీ వాళ్ళు దాన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఆ పాప్రికా నుంచే హంగరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జి సి విటమిన్‌ను పెద్ద మొత్తంలో వేరు చేశాడు, 1937లో నోబెల్ బహుమతి పొందాడు. హన్మకొండలోని ఒక బేకరీలో పాప్రికా చల్లిన చిప్స్ ప్యాకెట్ చూసినప్పుడల్లా నాకు మా నాయనమ్మ దగ్గుకు తేనెలో రంగరించి ఇచ్చిన పిప్పళ్ళ పొడి గుర్తొస్తుంది. రెండూ ఒకే మాట.

మిరియం, మిర్చి అన్నవి ఈ పిప్పలి వంశం కావు. వాటి మూలం మరిచ. సంస్కృతంలో మరిచ, ప్రాకృతంలో మిరియ. మన మిరియం ఆ ప్రాకృత రూపానికి అచ్చంగా సరిపోతుంది. అయితే మరిచ కూడా సంస్కృతానికి సొంత మాట కాదని చాలామంది భాషా శాస్త్రవేత్తల అభిప్రాయం. మిరియాల తీగ పెరిగేది దక్షిణాది అడవుల్లో. తమిళ మిళగు, మలయాళ ముళక్, తుళు ముంచి ఒకవైపు, కంబోడియా ఖ్మేర్ భాషలోని మ్రెచ్ మరోవైపు దానికి చుట్టాల్లా కనిపిస్తాయి. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్నది తేల్చడం కష్టం. సంస్కృత నిఘంటువుల్లో మిరియానికి ఇంకో అందమైన పేరుంది, యవనప్రియ. గ్రీకులకు, రోమన్లకు ఇష్టమైనది అని. ఆ ఇష్టం ఎంతటిదంటే, 408లో రోము నగరాన్ని ముట్టడించిన గోత్ అనే జర్మానిక్ తెగ రాజు అలరిక్ బంగారం, వెండితో పాటు 3,000 పౌండ్ల మిరియాలు ఇస్తేనే ముట్టడి ఎత్తేస్తానన్నాడు.

ఉత్తర తెలంగాణలో మిర్చి, మిరపకాయ రెండూ వినిపిస్తాయి. బజారులో, మార్కెట్‌లో మిర్చి. వంటింట్లో, ముఖ్యంగా పెద్దవాళ్ళ నోట, మిరపకాయ. మిర్చి మనకు ఉర్దూ, హిందీల దారిన వచ్చింది, మిరపకాయ తెలుగు తయారు చేసుకున్నది. ఒకే తల్లి పిల్లలు రెండు దారుల్లో నడిచివచ్చి వరంగల్‌లో కలుసుకున్నారు.

కారం అన్న మాట గురించి పెద్ద వాదమే ఉంది. సంస్కృత క్షారం నుంచి వచ్చిందని ఒక వర్గం. క్షారం అంటే చర్మాన్ని, నాలుకను కొరికే లవణం. కంసాలులు వాడే వెలిగారంలో ఆ గారం ఇదే. తమిళంలో ఘాటుగా ఉండడం అనే అర్థంలో కార్ అనే ధాతువు ఉంది, కార్ప్పు అంటే కారపు రుచి, కాబట్టి ఇది ద్రావిడ పదమే అని మరో వర్గం. రెండు మాటలూ ఒకదానికొకటి ఎదురై కలిసిపోయాయని నేను అనుకుంటాను. అర్థం కూడా దగ్గరే. ఏది ఏమైనా మిరపకాయ రాకముందే ఈ మాట తెలుగులో ఉంది. ఆ తర్వాత మిరపకాయ దాన్ని ఎంతగా సొంతం చేసుకుందంటే, ఈ రోజు కారం తెమ్మంటే ఎవరూ మిరియాల పొడి తేరు. రుచి పేరే పొడి పేరు అయింది. రుచుల పేర్లు ఇలా జారిపోవడం మామూలే. సంస్కృతంలో కారాన్ని కటు అన్నారు. అదే మాట నుంచి వచ్చిన హిందీ కడవాకు అర్థం చేదు. తెలుగులో కటువు అంటే కఠినమైన మాట.

రెండు వేర్వేరు మొక్కలకు ఒకే పేరు పెట్టడం అజ్ఞానమేనా? మిరియం తీగజాతి. మిరప వంకాయ, టమాటా, ఆలుగడ్డ, పొగాకుల కుటుంబం. మిరియంలో ఘాటునిచ్చేది పైపరిన్, మిరపలో క్యాప్సైసిన్. వృక్షశాస్త్రం దృష్టిలో వీటికి ఏ చుట్టరికమూ లేదు. కానీ 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం మన నరాల చివర ఒక గ్రాహకాన్ని, అంటే కబురు అందుకునే ప్రోటీన్‌ను, గుర్తించింది. క్యాప్సైసిన్ తాకగానే అది మేల్కొంటుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలినా మేల్కొనేది అదే. పైపరిన్ తాకినా అదే. ఈ కృషికి జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మిరపకాయ కొరికితే నాలుక కాలదు, కాలుతోందన్న కబురు మాత్రం మెదడుకు చేరుతుంది. నోరు మండింది అని తెలుగువాళ్ళు నిప్పుకు వాడే క్రియనే కారానికి వాడుతూ వచ్చారు. మిరియానికీ మిరపకూ ఒకే ఇంటిపేరు ఇచ్చిన జనం మొక్కను చూడలేదు, తమ నాలుకను నమ్మారు. నాలుక చెప్పినది నిజం. నన్నడిగితే ఈ పేర్ల కథలో అందరికన్నా తక్కువ తప్పు చేసింది వాళ్ళే.

పేర్లు పెట్టడం ఇంకా ఆగలేదు. ఎనుమాములలో నిలబడి వింటే తేజ, వండర్ హాట్, దేశీ, చపాటా అని కాయ పేర్లు వినిపిస్తాయి. రంగు పోయిన కాయను తాలు అంటారు, శీతల గిడ్డంగి నుంచి వచ్చినదాన్ని ఏసీ మిర్చి అంటారు. దేశీ అన్న పేరు దగ్గర నేను చాలాసేపు ఆగాను. మహాసముద్రాలు దాటి వచ్చిన మొక్క తరతరాలుగా ఈ నల్లరేగడిలో, ఈ రైతుల చేతుల్లో విత్తనం నుంచి విత్తనంగా మారి మారి దేశీ అయింది. ఆ పేరు దానికి న్యాయంగా దక్కింది.

చపాటా సంగతి వేరు. పొట్టిగా, లావుగా, కళ్ళు చెదిరే ఎరుపుతో ఉంటుంది, కారం మాత్రం తక్కువ. 2025లో వరంగల్ చపాటా మిర్చికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చళ్ళకు ఎర్రదనం కావాలన్నా, ఆహార పదార్థాల్లో, సౌందర్య సాధనాల్లో కృత్రిమ రంగుకు బదులు సహజమైన రంగు కావాలన్నా దీన్ని, దీని నుంచి తీసిన సారాన్ని వాడతారు. అంటే ఈ కాయను కొనేది రంగు కోసం. రంగు అన్న అర్థం నుంచి స్పెయిన్‌లో పుట్టిన పిమియెంతో అన్న పేరు, ఆ పేరు పెట్టినవాళ్ళకు తెలియని ఒక తెలంగాణ కాయకే అన్నిటికన్నా చక్కగా నప్పింది.

గుండ్రని ఆకారం చూసి మన రైతులు చపాటాను టమాటా మిర్చి అని కూడా అంటారు. మెక్సికో వాళ్ళు పెట్టుకున్న చిల్లి అన్న పేరు మనకు బండి మీద అమ్మే చిల్లీ చికెన్‌లో తప్ప పొలంలో ఎప్పుడూ వినిపించదు. కానీ టమాటా ఆ నవాత్ల్ భాషలోని తొమాత్ల్ అన్న మాటే. అయిదు వందల ఏళ్ళుగా మిరియం పేరు, లంక పేరు, చైనా పేరు, టర్కీ పేరు మోసిన కాయకు, దాని పుట్టింటి భాషలోని ఒక మాటను ఎవరూ చెప్పకుండానే పక్కన చేర్చింది వరంగల్ రైతు.